కారు కిటికీ నుండి క్రూగర్ వనము

"సఫర్" అను మాట మన కళాశాలలో ఉర్దూ చదువు విద్యార్థులకు క్రొత్తది కాదు. ప్రయాణమను అర్థము గల ఈ అరబ్బీ పదమే వర్తకుల ఓడలతో తూర్పు ఆఫ్రికా తీరమును చేరి, స్వాహిలీ భాషలో "సఫారీ" అయినది. అటనుండి ఇంగ్లీషులోనికి పోయి మొదట తుపాకి పట్టిన వేటగాని యాత్రకును, పిమ్మట కెమెరా పట్టిన యాత్రికుని సందర్శనమునకును పేరైనది. ఆ మాటను పలుమార్లు విద్యార్థులకు వివరించియుండియు, దాని అర్థమును కన్నులార చూచు భాగ్యము మాకు గత వేసవి సెలవులలో మాత్రమే కలిగినది. మా అక్కగారి కుటుంబము జొహానెస్‌బర్గ్ నగరమున నివసించుచున్నది. ఆమె భర్తను ఇంట మేము దుల్హాభాయి అని పిలుతుము. వారి కారులో, వారి పదునొకండేండ్ల కుమార్తె వెంటరాగా, దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ వనమును నాలుగు దినములు చూచివచ్చితిమి. ఆ చూచిన దానిని, దానికై చదివిన దానిని కలిపి ఇందు వ్రాయుచున్నాము.

మన దేశమున పులుల అభయారణ్యములకు పోయినచో సాధారణముగా అటవీశాఖ వారి జీపులోనో, వారు అనుమతించిన వాహనములోనో కూర్చుండవలెను. వెంట ఒక మార్గదర్శి యుండును. ఏది చూడవలెనో అతడే చూపును. క్రూగర్ వనమున అట్లు కాదు. మన సొంత కారునో, అద్దెకు తెచ్చుకొన్న కారునో మనమే నడుపుకొని లోనికి పోవచ్చును. అచ్చటను మనవలెనే రోడ్డుకు ఎడమవైపున వాహనములు నడచును గనుక మనవారికి తడబాటు తక్కువ. దారి చూపువాడు లేడు, జంతువు నెచ్చట వెదకవలెనో చెప్పువాడు లేడు. చేత ఒక పటము, ముందు ఒక దారి, ఇరుప్రక్కల అడవి మాత్రమే యుండును. ఇందలి ఆనందమంతయు ఇందున్నది. బాధ్యత యంతయు ఇందే యున్నది.

ఈ వనము దక్షిణాఫ్రికాకు ఈశాన్య మూలనున్నది. దక్షిణమున క్రొకొడైల్ నది, ఉత్తరమున లింపోపో నది, తూర్పున మొజాంబిక్ దేశపు సరిహద్దు దీనికి ఎల్లలు. ఉత్తర దక్షిణములుగా సుమారు 360 కిలోమీటర్ల పొడవు, సగటున 65 కిలోమీటర్ల వెడల్పు, దాదాపు 19,500 చదరపు కిలోమీటర్ల వైశాల్యము. సుమారు 147 జాతుల క్షీరదములు, 500కు పైబడిన పక్షి జాతులు ఇందున్నవని లెక్క. మే నుండి ఆగష్టు వరకు అచ్చట చలికాలము. వానలు ఆగిపోవును, గడ్డి ఎండి పలుచబడును, చిన్న మడుగులు ఇంకిపోవుటచే జంతువులు నదులను, నిలిచిన నీటి గుంటలను ఆశ్రయించును. చూడగోరువారికి ఇదియే మంచి కాలము. మలేరియా ప్రాంతము గనుక వైద్యుని సలహా పొంది పోవుట తప్పనిసరి.

మేము దక్షిణపు కొసనున్న క్రొకొడైల్ బ్రిడ్జి గేటు ద్వారమున ప్రవేశించితిమి. రుసుము చెల్లించిన పిమ్మట అనుమతి పత్రముతో పాటు నిబంధనలను తెలిపిరి. తారు రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్లు, మట్టిదారిపై 40 కిలోమీటర్లు మించరాదు. విడిది ఆవరణములందును, గుర్తింపబడిన కొన్ని స్థలములందును తప్ప ఎచ్చటను కారు దిగరాదు. తలగాని చేయిగాని కిటికీ వెలుపలికి చాపరాదు. ఏ జంతువునకును ఆహారము పెట్టరాదు. సాయంకాలము గేటు మూయుదురు. ఆలోగా విడిదికి చేరవలెను. మే మాసమున ఉదయము 6 గంటలకు తెరచి సాయంత్రము 5-30కి మూయుదురు. విడిది చుట్టును విద్యుత్తు ప్రవహించు కంచె యుండును. మనుష్యులు కంచె లోపల, మృగములు వెలుపల! జంతు ప్రదర్శనశాలలో నున్న ఏర్పాటు ఇచ్చట తలక్రిందులైనది. మా మేనకోడలు కంచె వద్ద నిలిచి, "మామూ, సింహములు మనలను చూచుటకు వచ్చునా?" అని అడిగినది. ఆ ప్రశ్నలో నవ్వు కంటె నిజమే ఎక్కువ.

మొదటి దినమున మేము చేసిన అవివేకమును దాచనక్కరలేదు. లోయర్ సాబీ విడిదికి 34 కిలోమీటర్లు. దానిని ఒక గంటలో దాటవచ్చునని తలచి, సింహము, చిరుత, ఏనుగు, అడవిదున్న, ఖడ్గమృగము అను ఐదింటి పేర్లను కాగితముపై వ్రాసికొని, వాని కొరకే కన్నులు చించుకొని చూచుచు పోయితిమి. ఈ ఐదింటిని "బిగ్ ఫైవ్" అందురు. ఈ పేరు పెట్టినది ప్రకృతి శాస్త్రజ్ఞులు కారు, వేటగాండ్రు. కాలినడకన వేటాడునపుడు ప్రాణాపాయము అధికముగా కలిగించునవి అను కొలతతో వారు ఏర్పరచిన జాబితా అది. తుపాకి పోయినది గాని జాబితా నిలిచినది. విడిదులలో నొక పెద్ద పటముంచి, ఏ జంతువు ఎచ్చట కనబడినదో రంగురంగుల బిళ్ళలతో గుర్తింతురు. జనులు ఆ బిళ్ళలను చూచి అచ్చటికే పరుగెత్తుదురు. సింహమున్న చోట ఇరువది కారులు మూగును. ఆ సింహమో, దినమున అధిక భాగము నిద్రించు ప్రాణి, చెట్టు నీడన తోక కూడ కదల్పదు. మేమును అట్టి గుంపులో ముప్పాతిక గంట నిలిచి, ఎండుగడ్డి నడుమ ఒక చెవిని చూచి, సింహమును చూచితిమని తృప్తిపడితిమి. ఆ దారిలోనే ఎన్ని వందల ఇంపాలా జింకలను లెక్కపెట్టక దాటిపోయితిమో!

మరునాడు ఉదయము మా పద్ధతిని మార్చుకొంటిమి. లోయర్ సాబీకి చేరువనే సన్‌సెట్ డ్యామ్ అను చిన్న జలాశయమున్నది. దాని ఒడ్డున కారు నిలిపి, ఇంజను ఆపి, రెండు గంటలు కదలక కూర్చుంటిమి. మొదటి పావుగంట ఏమియు లేదనిపించినది. తరువాత, బండలనుకొన్నవి నీటిగుర్రములని, దుంగలనుకొన్నవి మొసళ్ళని తెలిసినది. ఒక నీటిగుర్రము వీపుపై కొంగ యొకటి నిలిచి దానినే పడవగా చేసికొని తిరుగుచుండెను. ఇంపాలాల గుంపు నీటికి దిగుట ఒక పాఠము. అవి ఒక్కసారి దిగవు. ముందున్నది నాలుగడుగులు వేయును, ఆగును, వెనుకకు చూచును. వెనుకనున్నవి తల పైకెత్తి గాలి పసిగట్టును. కొన్ని త్రాగునపుడు కొన్ని కాపుండును. అకస్మాత్తుగా ఒకటి ముక్కుతో తుమ్మినట్లు గట్టి శబ్దము చేసెను. క్షణములో అన్నియు ఒకే దిక్కునకు తలలు త్రిప్పెను. మేమును ఆ దిక్కుననే చూచితిమి. ఆవలి గట్టున, పొదల అంచున, చిరుతపులి యొకటి తాపీగా నడచి మాయమైనది. పది సెకండ్లు మించలేదు. దానిని మాకు చూపినది పటముపై బిళ్ళ కాదు, జింకల చూపు.

అప్పటినుండి మేము జంతువును వెదకుట మాని, జంతువులు ఎటు చూచుచున్నవో దానిని చూచుట మొదలిడితిమి. జిరాఫీలన్నియు మేత మాని ఒకే వైపు చూచుచున్నచో ఆవల క్రూరమృగముండవచ్చును. రాబందులు చెట్టుపై నిశ్చలముగా కూర్చున్నచో క్రింద కళేబరముండవచ్చును. అడవిదున్నల వీపుపై పురుగులేరుకొను చిన్న పక్షులు ఒక్కుమ్మడిగా కూయుచు ఎగిరినచో దున్నకే అది హెచ్చరిక. తెల్ల ఖడ్గమృగము, నల్ల ఖడ్గమృగము అను పేర్లు చూచి రంగును వెదకువారు మోసపోవుదురు. రెండును బూడిద రంగువే. మొదటిదానికి గడ్డి కోయుటకు తగిన వెడల్పయిన మూతి, రెండవదానికి కొమ్మల ఆకులు త్రుంచుటకు తగిన మొనదేలిన పెదవి. ఏమి తినునో తెలిసినచో ఏదియో తెలియును.

మూడవ దినమున లోయర్ సాబీ విడిచి సతారా అను విడిదికి ప్రయాణమైతిమి. దూరము సుమారు 93 కిలోమీటర్లు. వనమున దూరమును కిలోమీటర్లలో గాక గంటలలో లెక్కింపవలెనని, గంటకు 25 కిలోమీటర్లకు మించి ఆశింపరాదని మాకు ముందే చెప్పియుండిరి. అయినను ఉదయము ఆలస్యముగా బయలుదేరితిమి. దారిలో న్కుంబే అను ఎత్తైన స్థలమున దిగి, క్రింద దిగంతము వరకు పరచుకొన్న మైదానమును చూచుచు కాలము మరచితిమి. త్ష్వొక్వానే వద్ద భోజనమునకు మరికొంత. పిమ్మట అడవిదున్నల మంద రోడ్డు దాటుటకు అరగంట. సతారా ఇంకను పండ్రెండు కిలోమీటర్లుండగా గడియారము 4-45 చూపుచుండెను. అప్పుడు దారికడ్డముగా ఏనుగులు.

తల్లులు, పిల్లలు రోడ్డు దాటి పొదలలోనికి పోయినవి. వాని వెనుక ఒక మగ ఏనుగు వచ్చి రోడ్డు నడుమ నిలిచినది. కంటికిని చెవికిని నడుమ తడిచార కారుచుండెను. మన కావ్యములలో మదజలధారలను వర్ణనగా చదివి విద్యార్థులచే అర్థము వ్రాయించినవారమే. ముప్పది గజముల దూరమున చూచుట వేరు. ఆఫ్రికా ఏనుగులలో కలత చెందినపుడు ఆడవానికి కూడ కణతలు స్రవించును గనుక అది ఒక్కటే మదమునకు గుర్తు కాదు. కాని ఈ ఏనుగునకు వెనుక కాళ్ళ నడుమ మూత్రము బొట్లుబొట్లుగా జారుచుండుట కూడ కనబడినది. అది మగ ఏనుగు మదించిన దశకు నిశ్చయమైన చిహ్నము. దుల్హాభాయి గడియారము చూచి, "ప్రక్కనుండి మెల్లగా పోనిచ్చెదను, స్థలమున్నది" అనిరి. కారు రెండు గజములు కదలినది. ఏనుగు చెవులు రెండును చాటలవలె విప్పి, తల విదిల్చి, ఒక్క అడుగు ముందుకు వేసినది. మా మేనకోడలు మా చేయి గట్టిగా పట్టుకొనెను.

ఇట్టి వేళ హారను మ్రోగింపరాదు, ఇంజనును రొదచేయింపరాదు, త్రిప్పుకొని పారిపోజూచుటయు ప్రమాదమే. కారును మెల్లగా వెనుకకు నడిపించి, దానికి దారి నీయవలెను. అట్లే చేసితిమి. ఏనుగు అచ్చటనే నిలిచినది. అది ఒక కొమ్మ విరిచి తినినది, ఇంకొకటి విరిచినది. దానికి తొందర లేదు. మాకున్నది. వేగము పెంచినచో నిబంధన తప్పుదుము, నిలిచినచో గేటు మూయుదురు. ఆ ఇరువది అయిదు నిమిషములలో మాకు బోధపడినదేమనగా, మేము కోపగించుకొనుటకు అచ్చట ఎవరును లేరు. రోడ్డు మనుష్యులు వేసినది కావచ్చును. దానిపై మొదటి హక్కు ఎవరిదో ఆ వనమున ముందే తీర్మానింపబడియున్నది.

ఏనుగు తనంతట తాను ప్రక్కకు తొలగినది. 50 కిలోమీటర్ల వేగము మించక పోయినను సతారా గేటు చేరునప్పటికి పది నిమిషములు ఆలస్యమైనది. కావలివాడు వృద్ధుడు. తాళము చేతబట్టి కారణమడిగెను. ఏనుగు అడ్డము వచ్చినదంటిమి. "ప్రతి సాయంకాలము ప్రతివారికి ఏనుగే అడ్డము వచ్చును" అనెను. "ఏనుగు వచ్చునని తెలిసి గంట ముందుగా బయలుదేరవలెను." కారు నంబరును పుస్తకమున వ్రాసికొని, హెచ్చరించి లోనికి విడిచెను. మాకు కోపము రాలేదు. ఆలస్యముగా వచ్చు విద్యార్థికి మేము చెప్పు మాటయే అది.

ఆ రాత్రి దీపము క్రింద పటము పరచుకొని కూర్చుండగా మా మేనకోడలు, "స్కుకూజా అనగా ఏమి?" అని అడిగినది. స్కుకూజా ఈ వనమున ప్రధాన విడిది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్నచో చరిత్ర చెప్పవలెను.

ట్రాన్స్‌వాల్ గణతంత్రమునకు పాల్ క్రూగర్ అధ్యక్షుడుగా నున్నపుడు, 1898లో సాబీ నదీ ప్రాంతమున వేట నిషేధింపబడిన అరణ్యమొకటి ఏర్పడినది. బోయర్ యుద్ధము ముగిసిన 1902లో జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్ అను స్కాట్లండు దేశీయుడు దానికి రక్షకుడుగా నియమింపబడి, 1946 వరకు ఆ పదవిలో నుండెను. వేటచే అప్పటికి మృగజాతి క్షీణించియుండెను. ఏనుగులు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే. అతడు అచ్చట నివసించు స్థానిక జనులను తొలగించెను. వారు అతనికి పెట్టిన పేరే "స్కుకూజా": త్సోంగా భాషలో, ఊడ్చివేసినవాడు అని భావము. ఆ పేరును ఆ విడిదికి గౌరవముగా పెట్టిరి. పెట్టినవారికి అది చీపురు పట్టిన రక్షకుని పేరు. ఊడ్వబడినవారికి అది వేరొక జ్ఞాపకము. 1926లో ఈ అరణ్యము జాతీయ వనమైనది. మరుసటి సంవత్సరము ఒక్కొక్క పౌను రుసుము చెల్లించి మూడు కారులు ప్రవేశించెను. స్వయముగా కారు నడుపుకొని అడవి చూచు పద్ధతికి అదియే ఆరంభము.

ఆ కారులలో ఎవరుండిరి, ఎవరుండలేదు అను ప్రశ్న మన తెలుగువారికి కూడ సంబంధించినది. 1860 నవంబరు 16న "ట్రూరో" అను ఓడ మద్రాసు నుండి దర్బన్ రేవు చేరినది. నాటినుండి చెరకు తోటల కూలికై నటాల్ చేరిన వేలాది భారతీయులలో తెలుగువారనేకులు. వారి సంతతి నేటికిని అచ్చట నున్నది. వర్ణభేద పాలన కాలమున వీరు క్రూగర్ వనమును చూడగూడదను నిషేధము లేదు. కాని తెల్లవారి విడిదులలో వారికి గది లేదు. నల్లజాతివారికి, భారతీయులకు, మిశ్రజాతివారికి ఓలిఫాంట్స్ నది చేరువ బలూలే అను చిన్న విడిదిని కేటాయించిరి. కొన్ని గుండ్రని గుడిసెలు మాత్రమే. అదే రుసుము, అదే దుమ్ము, అదే సింహము. రాత్రి పడకకు మాత్రము చర్మపు రంగు చూడబడెను. అయినను వారు పోయిరి. నల్లవారు ఈ వనమున కూలివారుగనో దొంగ వేటగాండ్రుగనో మాత్రమే యుండలేదని, యాత్రికులుగను వచ్చిరని జేకబ్ డ్లమీనీ 2020లో వెలువరించిన "సఫారీ నేషన్" అను చరిత్ర గ్రంథమున సవిస్తరముగా చూపిరి. బలూలే నేడు అందరికిని తెరచియున్నది. అందు నేటికిని విద్యుత్తు లేదు. లాంతరు దీపముల వెలుగున గడుపుటకు ఇష్టపడువారు కోరి పోవుచున్నారు. మరునాడు సతారా నుండి ఉత్తరమునకు పోవుచు దాని దారి మలుపున కొంతసేపు కారు నిలిపితిమి. దుల్హాభాయి ఏమియు మాటలాడలేదు.

వనము ఉత్తరపు కొసను, లింపోపో, లువువ్హు నదుల నడుమ పాఫురి అను ప్రాంతమున్నది. అంత దూరము పోవుటకు మాకు దినములు చాలలేదు. కాని దాని కథ తెలియక క్రూగర్‌ను తెలిసికొన్నట్లు కాదు. అచ్చటికి చేరువ తులమెలా కొండపై, పూర్వము రాతిగోడల నడుమ ఒక రాజ్యపు జనులు నివసించిరి. త్రవ్వకములలో బంగారు పూసలు, సముద్ర వర్తకమున వచ్చిన గాజు పూసలు, చీనా పింగాణి ముక్కలు దొరకినవి. అనగా, మనము కిటికీ నుండి చూచి ఆదికాలపు నిర్జనారణ్యమని మురియునది ఎన్నడును నిర్జనము కాదు. పాఫురిలో మకులెకే ప్రజలు వ్యవసాయము, చేపలు పట్టుట జీవనముగా నుండిరి. 1969లో ప్రభుత్వము వారిని బలవంతముగా వెడలగొట్టి ఆ భూమిని వనమున కలిపినది. తుపాకుల నీడలో తమ గుడిసెలను తామే కాల్చవలసివచ్చినదని వారు చెప్పుదురు. వర్ణభేద పాలన అంతరించిన పిమ్మట, 1994 నాటి భూమి పునరుద్ధరణ చట్టము ననుసరించి వారు హక్కు కోరిరి. 1998లో సుమారు 24 వేల హెక్టారులు వారికి తిరిగి దక్కెను.

దక్కిన భూమిపై వారు మరల ఊరు కట్టలేదు. దానిని వనములో భాగముగనే యుంచి, యాజమాన్యము తమదిగా, సంరక్షణ వనాధికారులతో ఉమ్మడిగా నిర్వహించుచు, యాత్రికుల విడిదులనుండి ఆదాయము పొందుటకు అంగీకరించిరి. ఇది పూర్తి న్యాయమా అను విషయమున పండితులలో భేదాభిప్రాయములున్నవి. పుట్టిన చోట ఇల్లు కట్టుకొనలేని యాజమాన్యము సంపూర్ణము కాదని మా అభిప్రాయము. అయినను అడవిని కాపాడుటకు మనుష్యుని వెడలగొట్టక తప్పదను వాదమునకు వారి నిర్ణయమే గట్టి సమాధానముగా తోచుచున్నది.

ఇక మృగముల విషయమున ఈ వనము సాధించినది తక్కువ కాదు. ఏనుగులు ఎంత పెరిగినవన్నచో, 1967 నుండి 1994 వరకు ఏటేట వందలాదిగా చంపి సంఖ్యను సుమారు ఏడు వేల వద్ద నిలిపిరి. ప్రజల నిరసనచే ఆ పద్ధతి ఆగినది. సంఖ్య మరల ఎన్నో రెట్లయినది. పెద్ద చెట్లు విరిగిపోవుచున్నవని ఒక పక్షము, ఏనుగుకు అడవిని మలచు హక్కు కలదని మరియొక పక్షము వాదించుచున్నవి. ఖడ్గమృగము కథ దీనికి విరుద్ధము. పూర్తిగా నశించిన తెల్ల ఖడ్గమృగమును 1961 నుండి నటాల్ నుండి తెచ్చి విడిచిరి. 2010 నాటికి అవి పది వేలు దాటినవి. పిమ్మట కొమ్ముల దొంగవేట విజృంభించినది. 2014 ఒక్క సంవత్సరముననే దక్షిణాఫ్రికా అంతట 1,215 ఖడ్గమృగములు చంపబడెను. క్రూగర్‌లో తెల్ల ఖడ్గమృగములు 2020 నాటికి మూడు వేలకంటె తక్కువకు దిగిపోయెను. ఆ కొమ్ము మన గోళ్ళలోను జుట్టులోను ఉండు కెరటిన్ అను పదార్థమే. దొంగలకు ఆశ లేకుండ చేయుటకు అధికారులే మత్తుమందిచ్చి కొమ్ములు కోయుచున్నారు. మేము చూచిన ఒక్క ఖడ్గమృగమునకు మూతిపై మొద్దు మాత్రమే మిగిలియుండెను. మా జాబితాలో దానికి గుర్తు పెట్టవలెనా వద్దా అని మేనకోడలు కొంతసేపు ఆలోచించినది.

నాలుగవ రాత్రి ఓలిఫాంట్స్ విడిదిలో గడపి, మరునాడు ఫలబోర్వా గేటు వద్ద వెలుపలికి వచ్చితిమి. కావలివాడు డిక్కీ తెరిపించి, సంచులు కదిపి, సీట్ల క్రింద వంగి చూచెను. కొమ్ములు, దంతములు దాచి తీసికొనిపోవుదురేమోనని అందరిని సోదా చేయుదురు. మా వద్ద నారింజపండ్లు, మాసిన బట్టలు మాత్రమే దొరకెను. యువకుడు; కంచె ఆవలి గ్రామమే అతని ఊరు. ఏమేమి చూచితిరని అడిగెను. మా మేనకోడలు పుస్తకము తెరచి చదివి వినిపించెను. ఇంపాలాల వద్ద మాత్రము అంకె లేదు. "లెక్క విడిచితిమి" అని వ్రాసియున్నది. అతడు నవ్వెను. నీవును ఇట్లు కారులో తిరిగి చూచితివా అని మేమడిగితిమి. చిన్నతనమున బడివారు ఒక్కసారి బస్సులో తీసికొనిపోయిరని, తరువాత పనికి తప్ప యాత్రికుడుగా పోలేదని చెప్పి, గేటు పైకెత్తెను. కొలది నిమిషములలో రోడ్డుకు ప్రక్కగా రాగి గనుల మట్టిగుట్టలు కనబడసాగినవి. దుల్హాభాయి నాలుగు దినముల పిమ్మట మొదటిసారి కారు కిటికీ అద్దము పూర్తిగా దించి, మోచేయి వెలుపల పెట్టుకొనిరి.